అద్దెయిండ్ల చరిత్ర: చిన్న గృహస్థులు నేర్వదగిన పాఠములు



మన మహాసభల సంచికలయందు విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు వ్యాసములు తఱచుగా వెలువడుచున్నవి. మనలో ననేక కుటుంబములకు జీవనాధారమై యున్న యొక విషయమును గూర్చి మాత్రము వ్రాయువా రరుదు. అది యింటి యద్దె. పల్లెలో రెండెకరములమ్మి, పట్టణమున స్థలము కొని, ముందుభాగమున దాము కాపురముండి, వెనుక వాటాను అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో పిల్లల బడిజీతములు కట్టినవారు మనలో వీధివీధిని గలరు. భర్త గతించిన పిదప రెండు వాటాల యద్దెతో సంసారమును గట్టెక్కించిన తల్లులును గలరు. వీరు జమీందారులు కారు; ధనికులు నంతకన్న కారు. అయినను చట్టము వీరిని 'యజమాను'లని పిలిచినది. ఆ పేరుతో వచ్చిన హక్కులెన్నియో, బాధ్యతలెన్నియో తెలిసికొనక వీరిలో పెక్కండ్రు నష్టపడిరి.

ఆ నష్టమునకు గారణము అద్దె నియంత్రణ చట్టమొక్కటియే యని సామాన్యముగా జెప్పుకొందురు. చరిత్రను పరిశీలించినచో నది సగము సత్యమని మాకు దోచుచున్నది. చట్టము పెక్కుమార్లు మాఱినది. మాఱినపుడెల్ల నిలిచిన వారెవరు, కూలిన వారెవరు అని విచారించుటయే యీ వ్యాసము నుద్దేశము.

యుద్ధమునకు బూర్వము

1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టమునుబట్టి అద్దెయనునది యిరుపక్షముల యొడంబడిక మాత్రమే. ఎంత యద్దెకైన నీయవచ్చును. నెలసరి బాడుగదారుని 15 దినముల నోటీసుతో ఖాళీ చేయుమని కోరవచ్చును. ఒక్క సంవత్సరమునకు మించిన కౌలును మాత్రము రిజిస్టరు చేయింపవలయునని యా చట్టపు 107వ సెక్షను విధించెను. స్టాంపునకును రిజిస్ట్రేషనునకును నగు వ్యయమునకు వెఱచి మనవారు 11 నెలల కాగితమును వ్రాసికొను నలవాటును గావించుకొనిరి. నేటికిని ఆ '11 నెలలు' మన నోళ్ల నానుచుండుటకు మూల మిదియే.

స్వేచ్ఛ యున్నను చిక్కులు లేకపోలేదు. నోటీసుయొక్క గడువు సరిగా అద్దెనెల ముగియు దినముననే ముగియవలెనని చట్టముండెను. ఒక్క దినము తప్పినను దావా కొట్టివేయబడుచుండెను. ఏ తేదీన అద్దెకు దిగిరో వ్రాసియుంచుకొనని గృహస్థుడు కచేరి మెట్లెక్కి, యుత్తచేతులతో దిగివచ్చెడివాడు. ఈ కాఠిన్యము 2002 సంవత్సరాంతమున నమలులోనికి వచ్చిన సవరణముతోగాని సడలలేదు. చట్టము యజమానుని పక్షముననున్న దినములలో సయితము కాగితము లేనివానికి మేలు జరుగలేదని పాఠకులు గమనింతురు గాక.

యుద్ధము తెచ్చిన కట్టడి

అద్దెలను ప్రభుత్వము కట్టడిచేయుట మన దేశమున బుట్టిన పద్ధతి కాదు. 1915లో మొదటి యూరపు మహాసంగ్రామ కాలమున స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున, ఫ్యాక్టరీల పనికై జనము క్రిక్కిఱియగా యజమానులు అద్దెలను హెచ్చించిరి. పురుషులనేకులు రణరంగమున నుండగా, స్త్రీలు మేరీ బార్బర్ మున్నగు వారి నాయకత్వమున నద్దె చెల్లించుట మానివైచిరి. బ్రిటిషు ప్రభుత్వము దిగివచ్చి యా సంవత్సరాంతముననే యొక చట్టమును జేసి, చిన్న యిండ్ల యద్దెలను యుద్ధారంభమునందలి మొత్తమునకు నిలిపివేసెను. అదే మార్గమును బొంబాయి 1918లోను, కలకత్తాయును రంగూనును 1920లోను అనుసరించెను. రంగూను సంగతి మనకు బరాయిది కాదు. మన తెలుగుసీమనుండి వేలకొలది జనులు కూలికై యా నగరమునకేగి, యిఱుకు గదులలో బదుగు రిరువదుగురుగా వసించి, అద్దె యనిన నేమో దేహముతో నెఱిగినవారే గదా!

ఇచట నొక విశేషమును మఱువరాదు. బ్రిటిషు చట్టము అద్దెతోపాటు ఆ యిండ్లపైనున్న తాకట్టు బాకీల వడ్డీని సయితము కట్టడిచేసెను. వడ్డీ చెల్లించుచున్నంతకాలము అసలును తెమ్మని నిర్బంధింపరాదనెను. అనగా యజమానుని రాబడిని కట్టివేసినపుడు అతని యప్పును గూడ గట్టివేసినది. చెన్నరాజధానిలో రెండవ మహాయుద్ధ కాలమున 1941లో దేశరక్షణ నిబంధనలక్రింద వెలువడిన యుత్తరువు అద్దెను మాత్రమే నిలిపినది. ఇల్లు కట్టుటకై చేసిన యప్పుపై వడ్డీ యథాప్రకారము పెరుగుచునే యుండెను.

దీనికి దోడు మఱియొక చిక్కు. 1938 సంవత్సరపు చెన్నరాజధాని వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము పల్లె రైతులకు గొప్ప యుపకారము చేసినది. అయితే పురపాలక సంఘము క్రింద సాలుకు 600 రూపాయలకు దక్కువగాని యద్దె విలువగల కట్టడములకు బన్ను గట్టువాడు ఆ చట్టమునందలి 'వ్యవసాయదారుడు' కాకపోయెను. అనగా నెలకు 50 రూపాయల యద్దె వచ్చునంతటి యిండ్లను బట్టణమున గట్టిన రైతు, పల్లెలోని అప్పునకు సయితము విమోచనము గోల్పోయెను. పిల్లల చదువునకై పట్టణమున నాలుగు గోడలు లేపిన పాపమునకు రెండువైపులను దండుగ చెల్లించిన వా రిట్టివారు.

ఇక యుద్ధము తీవ్రమైనది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వైచెను. తీరమందలి జనులు భయపడి లోనాటి యూళ్లకు దరలిరి. నిన్నటివరకు ఖాళీగా బడియున్న యిండ్లకు నేడు పోటీ యేర్పడెను. అట్టి సమయమున అద్దెలను విచ్చలవిడిగా పెంచినవారును గలరు. బీదల కన్నీటితో గోడలకు వెల్లవేయించినవారిని మేము సమర్థింపము. కట్టడి యవసరమే. తాత్కాలికమని చెప్పి తెచ్చిన కట్టడి తరములు నిలిచిపోవుటయే యనర్థమునకు మూలమైనది.

నిలిచిపోయిన యద్దె

యుద్ధము ముగిసినను ఉత్తరువు తొలగలేదు. 1946లో నొకటి, 1949లో మఱియొకటి, చట్టములే వచ్చెను. 1940 ఏప్రిలు 1వ తేదీకి ముందటి 12 నెలలలో ఆ పేటయందు నడచిన యద్దెను మూలముగా గొని 'సముచితమగు అద్దె'ను రెంటు కంట్రోలరు నిర్ణయింపవలెను. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన పిదపను ఆ 1949 చట్టమే సాగినది. హైదరాబాదు రాష్ట్రమున 1954లో వేఱొక చట్టము వచ్చెను. 1956లో రెండు ప్రాంతములును గలిసిన తరువాత 1960లో ఉభయప్రాంతములకును ఒకే చట్టము చేయబడెను. దానిలో మూలకాలము 1944 ఏప్రిలు 5వ తేదీకి ముందటి 12 నెలలు. దానిపై కొంతకొంత పెంపున కవకాశమున్నను, పునాది మాత్రము నాటిదే.

దీని ఫలితమును గ్రహించుటకు మనస్సున నొక కుటుంబమును ఊహించుకొందము. 1940 ప్రాంతమున నెలకు 20 రూపాయల కద్దెకిచ్చిన వాటా. అందలి బాడుగదారు మంచివాడే. ప్రతినెల తప్పక చెల్లించును. ఇరువది, ముప్పది యేండ్లు గడచెను. కూలి పెరిగెను, సున్నము పెరిగెను, కలప పెరిగెను. అద్దె మాత్రము గోడకు గొట్టిన మేకువలె నిలిచెను. పెంకు జారినచో నేయించుటకు యజమానురాలి కడ డబ్బు లేదు. తాను నేయించుకొన్నచో దన కేమి లాభమని బాడుగదారు యోచన. వాన యిరువురి నెత్తులపైనను గురియును. మన పాతపేటలలో వీధివాకిట దేకు స్తంభములతో గట్టిన యిండ్లనేకములు కూలిపోవుటకు గారణములలో నిదియొకటి.

హాని యింటితో నాగలేదు. పురపాలకసంఘపు పన్ను అద్దె విలువనుబట్టి యుండెడిది. పన్ను నిర్ణయించుటకు అద్దె నియంత్రణ చట్టము ప్రకారము రాదగిన సముచితమగు అద్దెనే ప్రమాణముగా గొనవలెను గాని, అంతకు మించి కట్టరాదని గుంటూరు పురపాలకసంఘమునకును అచ్చటి పన్ను చెల్లించువారి సంఘమునకును జరిగిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు నిర్ణయించెను. ఆ తీర్పు 1970లో వెలువడెను. ఇంటివారికి పన్ను తగ్గుట సంతోషమే. ఆ పన్నుతోనే గదా వీధి మురుగుకాలువలు బాగుపడవలసినది! ఇల్లు పాడు, వీధియును పాడు.

నీతియు జెడినది. 1960 చట్టము ఒక నెల యద్దెకు మించి ముందుసొమ్ము పుచ్చుకొనరాదనెను. దానిచే కాగితమున గనబడని 'పగిడీ' చేతులు మాఱజొచ్చెను. అద్దె యెగవేత, అనుమతిలేని మఱుబాడుగ, సొంత కాపురపు టవసరము మున్నగు కొన్ని కారణములచేతనేగాని ఖాళీ చేయింపరాదని చట్టము చెప్పెను. అంతట లేని యవసరములు పుట్టుకొనివచ్చెను. ఇల్లు ఖాళీయైన మఱునాడు రావలసిన కొడుకును కోడలును ఎన్నడును రాకపోయిరి. హెచ్చు అద్దెకు మఱియొకరు వచ్చిరి. బాడుగదారులలోను, తాము సొంతయిల్లు కట్టుకొనియు, పాతవాటాకు తాళమువేసి చవుక అద్దెను విడువనివారు గలరు. యజమానుడును బాడుగదారుడును ఒకరినొకరు శత్రువులుగా జూచికొనుట యీ కాలముననే స్థిరపడినది.

న్యాయస్థానముల మాట

1960 చట్టము 1957 ఆగష్టు 26వ తేదీ తరువాత గట్టిన భవనములకు వర్తింపదని అందే చెప్పబడియుండెను. క్రొత్త కట్టడములకు ప్రోత్సాహ మిచ్చుట దాని యుద్దేశము. దానిని నమ్మి యనేకులు అప్పులుచేసి కట్టిరి. 1983లో మోటారు జనరల్ ట్రేడర్సు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, కాలము గడచినకొలది యా తేదీకి హేతువు నశించినదని చెప్పి, ఆ మినహాయింపును గొట్టివేసెను. వెంటనే ప్రభుత్వము క్రొత్తభవనములకు బదియేండ్ల మినహాయింపు నిచ్చెనుగాని, నడుమ నున్నవారు ఒక్క తీర్పుతో స్వేచ్ఛనుండి కట్టడిలోనికి వచ్చిరి. చట్టమిచ్చిన యనుగ్రహము ఇంటికి స్తంభము కాదని, ఎండకు వేసిన పందిరి మాత్రమేయని, యీ యుదంతము తెలుపుచున్నది.

తీర్పులు యజమానులకు బ్రతికూలముగనే వచ్చినవనుట సరికాదు. 1997 డిసెంబరులో మాల్పె విశ్వనాథ ఆచార్య వ్యాజ్యమున, బొంబాయి చట్టమున 1940 నాటి యద్దెకే ముడివైచిన నిబంధనలు కాలక్రమమున నన్యాయములైనవని సుప్రీముకోర్టే చెప్పెను. పిదప 2005లో మన 1960 చట్టమును సవరించి, నగరపాలక ప్రాంతములలో నెలకు 3,500 రూపాయలకును, ఇతర ప్రాంతములలో 2,000 రూపాయలకును మించిన యద్దెగల భవనములను దాని పరిధినుండి తొలగించిరి. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడినపుడు ఆ పాత చట్టమునే స్వీకరించినది. ఆంధ్రప్రదేశము 2017లో అద్దె వ్యవహారములకు నూతన చట్టమును జేసినది. 2021 జూను 2వ తేదీన కేంద్ర మంత్రివర్గము రాష్ట్రములకు మాదిరిగా నొక చట్టము నామోదించెను. అందు వ్రాతపూర్వకమగు నొడంబడిక తప్పనిసరి. కాపురపుటిండ్లకు రెండు నెలలు, ఇతరములకు ఆరు నెలల యద్దెకు మించి డిపాజిట్టు కూడదు. గడువు మీఱి ఖాళీ చేయని వానిపై మొదటి రెండు నెలలు రెట్టింపు, పిదప నాలుగింతల యద్దె.

ఈ చరిత్ర సారమేమి? చట్టము ఒకమాఱు బాడుగదారునివైపును, ఒకమాఱు యజమానునివైపును మొగ్గినది. ఏ కాలముననైన నిలిచిన చిన్న గృహస్థునికి మూడు లక్షణము లుండెను: వ్రాత యుండెను, మరమ్మతునకు మిగులు ఉండెను, తలకు మించిన యప్పు లేకుండెను.

లెక్క చూడక కట్టిన యిల్లు

ఇప్పటి కాలమునకు వత్తము. "ఇల్లు కట్టిన నద్దెయే యప్పును దీర్చును" అను మాట మనలో వేదవాక్యమై యున్నది. కాగితముపై లెక్క వేసి చూతము. 50 లక్షల రూపాయల విలువగల యింటికి నెలకు 14,000 రూపాయల యద్దె వచ్చుననుకొందము. సాలుకు 1,68,000. బాడుగదారు మాఱునపు డొక నెల ఖాళీగా బోయినచో మిగులునది 1,54,000. ఇంటిపన్ను 6,000, వెల్ల, గొట్టములు, మోటారు మున్నగు మరమ్మతులకు సగటున 20,000 తీసివేయగా 1,28,000. అనగా నూటికి సుమారు 2.56. ఆ విలువలో సగము, 25 లక్షలు, నూటికి 8.5 వడ్డీకి దెచ్చియుండినచో మొదటి సంవత్సరపు వడ్డీయే 2,12,500 రూపాయలు. అద్దె యంతయు వడ్డీకే చాలదు. అసలు మాట దేవుడెఱుగు.

ధర పెరుగుననియే యాశయందురు. పెరుగవచ్చును. పెరిగిన ధర అమ్మిననాడే చేతికి వచ్చును. వడ్డీ మాత్రము ప్రతినెల మొదటివారముననే తలుపు తట్టును. కావున అద్దెతోపాటు స్థిరమగు వేఱొక రాబడి లేనివారు, ముఖ్యముగా నుద్యోగవిరమణకు దగ్గఱనున్నవారు, అప్పుచేసి రెండవ యిల్లు కట్టుట మేము మెచ్చము.

ఆదాయపుపన్ను విషయమున నొక మేలు గలదు. అందిన యద్దెనుండి చెల్లించిన ఇంటిపన్నును దీసివేయగా మిగిలినదానిలో నూటికి 30 వంతులు, మరమ్మతు చేయించినను చేయింపకున్నను, మినహాయింపుగా నీయబడుచున్నది. 1961 చట్టమునందును, దాని స్థానమున వచ్చిన 2025 చట్టమునందును నీ సదుపాయము గలదు. పై లెక్కలో 1,48,000పై 44,400 రూపాయలు. చట్టమే యింత మరమ్మతున కగునని యెంచినపుడు, మనము దానిలో సగమైన వేఱుగా దాచియుంచుట ధర్మము గాదా? ఇంటిపన్నును 2021 మొదలు ఆంధ్రప్రదేశ పురములలో అద్దె విలువనుబట్టి గాక ఆస్తి మూలధన విలువనుబట్టి విధించుచున్నారు. ఇల్లు ఖాళీగా నున్నను స్థలపు ధర పెరిగినచో పన్ను పెరుగును. లెక్కలో నీ సంగతియు జేర్పవలయును.

ఆచరణమున బాటింపదగినవి

మొదటిది, కొనునపుడు. ఈసీయు, పూర్వపు లింకు దస్తావేజులును జూడక బయానా యీయరాదు. జనరల్ పవరాఫ్ అటార్నీ కాగితముతో 'కొన్న' స్థలమునకు హక్కు సంక్రమింపదని 2011లో సూరజ్ ల్యాంపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు స్పష్టముగా జెప్పినది. రిజిస్టరైన విక్రయ దస్తావేజే హక్కునకు మూలము. పరదేశములనున్న మన బిడ్డలు బంధువులను నమ్మి పంపిన సొమ్ము ఇట్టి కాగితములలో మునిగినచో ధనమును బోవును, బంధుత్వమును బోవును.

రెండవది, అద్దెకిచ్చునపుడు. ఒడంబడికలో దిగిన తేదీ, అద్దె, ఏటేట పెంపు, డిపాజిట్టు, నీటి విద్యుత్తుల ఖర్చు, మరమ్మతు లెవరివి, ఖాళీ చేయుటకు గడువెంత అను నవి యుండవలయును. సంవత్సరమునకు మించినదానిని రిజిస్టరు చేయింపవలయును. రిజిస్టరు కాని దీర్ఘకాలపు కౌలుకాగితము వివాద సమయమున షరతులను రుజువుచేయుటకు బనికిరాదు. అద్దె పుచ్చుకొన్నపు డెల్ల రసీదు నీయవలయును. అది బాడుగదారుని హక్కు, యజమానునికిని సాక్ష్యము. అద్దె బాకీకి మూడేండ్లలోపల దావా వేయనిచో గాలదోషము పట్టునని మఱువరాదు.

మూడవది, తగవు వచ్చినపుడు. నీళ్లు కట్టివేయుట, దీపము తీయించుట, తాళము వేయుట నేరములే గాని యుపాయములు గావు. నోటీసు, మధ్యవర్తి, తుదకు న్యాయస్థానము, ఇదియే వరుస. వృద్ధులగు యజమానులు తమ తదనంతర మా యిల్లెవరిదో వీలునామా వ్రాసియుంచిన మేలు. ఎవరికి అద్దె చెల్లింపవలెనో తెలియక బాడుగదారు మానివైచుటయు, అన్నదమ్ములును ఆడపడుచులును గచేరి కెక్కుటయు మన మెఱుగనివి గావు.

సంఘమునకు విన్నపము

తుదకు మన సంఘమునే యుద్దేశించి రెండు మాటలు. ధర్మసత్రములకును వసతిగృహములకును దాతలు వ్రాసియిచ్చిన కొట్లను మన యిట్టి సంఘములు పెక్కు చోటుల గలిగియున్నవి. ఆ కొట్ల యద్దెయే బీదవిద్యార్థుల యన్నము. అట్టి కొట్టు ఏ పోషకుని బంధువు చేతిలోనో పాతయద్దెకు నిలిచిపోయినచో, ఆ తేడాను జెల్లించుచున్నది వసతిగృహమందలి పిల్లవాడు. ప్రతి మహాసభలోను ఏ కొట్టు ఎవరికి, ఎంతకు, ఎప్పటివఱకు ఇయ్యబడినదో పట్టికగా నచ్చువేయవలెనని మా కోరిక. ఈ మాట కొందఱ కప్రియము గావచ్చును. అయినను సంచికలో వ్రాయకున్న మఱెక్కడ వ్రాయుదుము?

రెండవది, అద్దె కడుగవచ్చిన వానిని మొట్టమొదట "మీరేవరు?" అని ప్రశ్నించు నాచారము మనలో నింకను బోలేదు. మన తాతలు పట్టణములకు వచ్చిన క్రొత్తలో అదే ప్రశ్న విని, గుమ్మమునుండి మఱలివచ్చి, సత్రపుటరుగులపై బండుకొన్నవారు. ఆ బాధను దీర్చుటకే గదా మన పెద్దలు వసతిగృహములను గట్టిరి! నాడు మనకు మూసిన తలుపును నేడు మనము మఱియొకరికి మూయుట న్యాయము కాదు. అద్దె చెల్లించునా, ఇంటిని శుభ్రముగా నుంచునా, ఒడంబడికను బాటించునా అని మాత్రమే విచారింతము. లాభమును గోరినను ఇదియే మార్గము; కులము నడిగి నెలల తరబడి ఖాళీగా నుంచిన వాటాకు అద్దె నెవ్వరును జెల్లింపరు.

ఇల్లనునది మన పెద్దల చెమట. దానిని వ్రాతతో రక్షించి, లెక్కతో నడిపి, మిగులుతో బాగుచేయించి, అందు వసించువానిని మనుష్యునిగా జూచినచో, రేపు మఱియొక చట్టము వచ్చినను మన గోడలు కదలవు.